ఉత్తుత్తి కోర్టు, నిజమైన ఆకువక్క

కిందటి నెల వేరే పని మీద బళ్ళారి వెళ్ళినప్పుడు బస్టాండు గోడ మీద ఒక పోస్టరు చూశాను. పైసగం కన్నడం, కిందిసగం తెలుగు. "కాలువ నీళ్ళలో చివరి మడికి హక్కు ఉందా? బహిరంగ ఉపన్యాసం, ఆ తర్వాత నమూనా న్యాయస్థానం. అందరూ రావచ్చు. భోజనం ఉంది." అడుగున విశ్వవిద్యాలయ న్యాయ విభాగం పేరు, ఒక శనివారం తేదీ. నేను చాలా ఏళ్ళు కోర్టు వార్తలు రాశాను. న్యాయశాస్త్రం మీద జరిగే సభలకూ వెళ్ళాను. వాటిలో ఎక్కువ భాగం ఇంగ్లీషులో, చల్లటి హాళ్ళలో, వకీళ్ళు వకీళ్ళకు చెప్పుకునేవి. రైతును అతని భాషలో పిలిచి, అన్నం కూడా పెడతామన్న సభ నాకు తెలిసి ఇదే మొదటిది. ఇలాంటి సభలకు మామూలు జనం వెళ్ళవచ్చా, వెళితే ఏమన్నా అర్థమవుతుందా అని అడిగే పాఠకులు కొందరున్నారు. అందుకని వెళ్ళాను. దారి, ఖర్చు, అక్కడ జరిగింది వరసగా రాస్తున్నాను.

అనంతపురం నుంచి తెల్లవారుజామున బయల్దేరే బస్సు ఎక్కితే ఉరవకొండ, విడపనకల్లు మీదుగా రెండున్నర గంటల్లో బళ్ళారి చేరతారు. టికెట్టు రెండు వందల లోపే. రైల్లో రావాలనుకుంటే గుంతకల్లులో మారవచ్చు కానీ, ఉదయం పది గంటల సభకు బస్సే నమ్మకం. విడపనకల్లు దాటాక బోర్డుల మీద లిపి మారుతుంది. మాట మాత్రం అంత తేలిగ్గా మారదు. బస్టాండు పక్క సందులో తోపుడుబండి దగ్గర ఆగి పలహారం అడిగితే, బండి నడిపే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఆంధ్రా ఆయమ్మవా?" అంది.

"అవును. ఉగ్గాని ఉందా?"

"ఈడ దాన్ని ఒగ్గరణె అంటామక్కా. అవే బొరుగులు, అదే ఉల్లిగడ్డ. పేరు మార్చి రెండు మిరపకాయలు ఎక్కువ ఏస్తాం, అంతే. బజ్జి పెట్టల్లా?"

పెట్టమన్నాను. ఆమె చెప్పినట్టే మిరపకాయలు ఎక్కువే ఉన్నాయి. బజ్జీతో కలిపి యాభై రూపాయలు ఇస్తే చిల్లర కూడా వచ్చింది.

విశ్వవిద్యాలయానికి సిటీ బస్సు ఉంది. ఆటో అయితే వంద అడుగుతారు. బస్సులో కండక్టరు "ఆధార్ తోరిసి" అంటూ వచ్చాడు. కర్ణాటక ఆడవాళ్ళకు బస్సు ఉచితం, కార్డు చూపితే చాలు. నా కార్డు తిప్పి చూసి, "ఇది ఆంధ్రాది మేడం, టికెట్ తీస్కోవాల" అన్నాడు. నా పక్కన కూర్చున్న పూలమ్మే ఆవిడ సున్నా రూపాయల టికెట్టును జాకెట్లో దోపుకుంటూ, "ఇంత దూరం కూసోని వస్తాండావ్, ఈడనే ఎవరినన్నా చేసుకోని ఉండిపోగూడదా? టికెట్ మిగిలేది" అంది. బస్సులో ముందు వరస అంతా నవ్వింది. నేను టికెట్టు తీసుకున్నాను.

న్యాయ విభాగం భవనం ముందు అప్పుడే ఒక పసుపుపచ్చ కాలేజీ బస్సు వచ్చి ఆగింది. సిరుగుప్ప తాలూకాలో హచ్చొళ్ళి వైపు ఒక ఉపకాలువ కింద వరి పండించే రైతులను విద్యార్థులు ఆ బస్సులో తీసుకొచ్చారు. దిగినవాళ్ళలో కోస్తా నుంచి వచ్చి తాతల కాలంలో అక్కడ స్థిరపడిన కుటుంబాల వాళ్ళున్నారు, అంతకంటే ముందు నుంచీ ఆ నేల మీదే ఉన్న తెలుగువాళ్ళున్నారు, కన్నడం వాళ్ళున్నారు. తలుపు దగ్గర నల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి అందరికీ నమస్కారం పెడుతోంది. పేరు దీపిక, ఆఖరి సంవత్సరం విద్యార్థిని, సొంతూరు సండూరు తాలూకా చోరనూరు. తెలుగు వచ్చా అని అడిగితే, "అర్థం ఆగుతుంది మేడం, మాట్లాడేకి కొంచెం భయం" అంది. ఆమే ఆ రోజు నమూనా కోర్టులో ప్రధాన న్యాయమూర్తి.

హాల్లో సగం ఫ్యాన్లే తిరుగుతున్నాయి. ఎక్కడ కూర్చోవాలా అని చూస్తుంటే నలభై దాటిన ఒక ఆడమనిషి చెయ్యి పట్టి లాగింది. "ఈడ కూసోక్కా, ఈ ఫ్యానొగటే గట్టిగా తిరుగుతాండేది." ఆమె పేరు నాగలక్ష్మి. ఉపకాలువకు చిట్టచివర మూడెకరాలు కౌలుకు తీసుకుని వరి పెట్టింది. ఏం పని మీద వచ్చావని అడిగాను.

"వరి పొట్టకొచ్చిండాది. ఇంగొక తడి పడకపోతే వచ్చేది తాలే. ఈ పొద్దు మధ్యాహ్నం కాలువకు నీళ్ళు ఇడస్తాండారు. పైనోళ్ళు తూములు మూస్తేనే కదా మా దాకా వచ్చేది. పోయిన తడికి ఒక్క చుక్క రాలేదు. చివరి మడికి హక్కు ఉండాదా అని కాయితం మీద అచ్చేసినారంట. ఉండాదో లేదో విని పోదామని వస్తి."

ఉపకాలువ గట్టులోంచి పొలంలోకి నీళ్ళు వదిలే గొట్టాన్ని వాళ్ళు తూము అంటారు. మామూలుగా ఒక్కో రైతుకు ఒక్కో తూము. వరసగా ఉన్న తూములన్నీ తెరిచి ఉంటే, నీళ్ళు చివరికి చేరేలోపే అయిపోతాయి. సమస్య అంతే. అర్థం చేసుకోవడానికి చట్టం అక్కరలేదు.

ఉపన్యాసం ధారవాడ నుంచి వచ్చిన ఒక ప్రొఫెసర్ ఇచ్చారు. ఆవిడ కన్నడంలో మాట్లాడుతుంటే వరసకొక విద్యార్థి కూర్చుని మెల్లగా తెలుగులో చెబుతున్నారు. కన్నడం రాని నేను ఒక్క ముక్క కూడా వదులుకోలేదు. ఆవిడ సెక్షన్లతో మొదలుపెట్టలేదు. బోర్డు మీద పొడవుగా ఒక గీత గీసి, దానికి అటూ ఇటూ చిన్న గీతలు పెట్టి, "ఇది ఒక కాలువ. మొదటి మడి రైతూ చివరి మడి రైతూ ఒకే నీటి తీరువా కడతారు. మరి ఇద్దరికీ అందేది ఒకే నీళ్ళా?" అని అడిగారు. జవాబు రాకముందే నాలుగో వరసలోంచి ఒక పెద్ద గొంతు లేచింది.

"ఏవండీ మేడం గారూ, ఆ మూడో తూము ఎడమ పక్కన పెట్టారేంటి? అది కుడి పక్కన ఉండాది!"

ప్రొఫెసర్ నవ్వి, ఇది ఎవరి కాలువా కాదు, ఊహించుకున్న కాలువ అని చెప్పించారు.

"ఊహించుకున్నా కుడి పక్కనే ఊహించుకోవాలండి."

హాలంతా గొల్లుమంది. ఆయన పేరు వెంకటరత్నం. ఊళ్ళో రత్నప్ప అంటారు. తాత గోదావరి జిల్లా నుంచి వచ్చి పొలం కొన్నాడు. మాటలో అండీలు ఇంకా పోలేదు, ఈ నేల యాసా వచ్చి చేరింది. ఉపకాలువ మీద మొదటి తూము ఆయనదే. ఆయన్ను చూపిస్తూ నాగలక్ష్మి నా చెవిలో, "ఈయప్ప తూము మూస్తే తక్కినోళ్ళకి సిగ్గొస్తాది. మూయడు" అంది.

ప్రొఫెసర్ బోర్డు దగ్గరికి వెళ్ళి మూడో తూమును చెరిపి కుడి పక్కన వేశారు. ఆ తర్వాత ఆవిడ ఏం చెప్పినా రైతులు నిటారుగా కూర్చుని విన్నారు. ప్రభుత్వ కాలువలో పారే నీళ్ళు ఎవరి సొంతమూ కాదని, పైన పొలం ఉన్నంత మాత్రాన ముందు హక్కు రాదని, వంతు ఖాయం చేసుకునే పని నీటి సంఘం చేతిలో ఉందని, సంఘం కూర్చోకపోతే ఎవరిని అడగాలో కూడా చెప్పారు. నాగలక్ష్మి "అంటే ఉండాది" అని ఒక్క మాట అని, కొంగు సర్దుకుంది.

టీ తాగాక నమూనా కోర్టు. వేదిక మీద బల్లలు మార్చారు. నల్లకోట్లలో ముగ్గురు విద్యార్థులు న్యాయమూర్తులుగా కూర్చున్నారు, నడుమ దీపిక. ఆమె ముందు ఒక చెక్క సుత్తి. మన కోర్టుల్లో సుత్తి ఉండదు, సినిమాల్లోనే ఉంటుంది. ఇక్కడ ఉంది, బాగానే పనికొచ్చింది. ఒక విద్యార్థి మొదటి మడి రైతు తరపున, ఒక విద్యార్థిని చివరి మడి రైతు తరపున వాదించాలి. పేర్లు పెట్టలేదు. అంతకుముందు నెలలో విద్యార్థులు ఆ ఊళ్ళు తిరిగి, రైతులతో మాట్లాడి, విన్నదాన్నే కేసుగా రాశారు. ఎవరినీ నొప్పించకూడదని పేర్లు, ఊళ్ళు తీసేశారు. తీసేస్తే ఎవరికీ తెలియదనుకున్నారు.

మొదటి మడి తరపు అబ్బాయి బెంగళూరువాడు. కాయితం చూసి చదువుతున్నాడు. రెండు నిమిషాలు గడిచేసరికి రత్నప్ప లేచి నిలబడ్డాడు.

"అమ్మా జడ్జీ గారూ, నా వకీలు సరిగ్గా చెప్పట్లేదండి."

దీపిక సుత్తి కొట్టింది. "సార్, మీరు ఈ కేసులో లేరు."

"నేనే కదమ్మా మొదటి మడి! మీ ఆరుగురూ మా ఇంట్లో కోడికూర తిని, పోతా పోతా నన్నే కేసులో పెట్టారు. ఇప్పుడు లేనంటే ఎట్టా?"

ముగ్గురు న్యాయమూర్తులూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. చివరికి దీపిక, "సరే. సాక్షిగా మాట్లాడండి. కానీ చిన్నగా" అంది. ఆమె తెలుగు భయం అప్పటికే సగం పోయినట్టుంది.

రత్నప్ప చెప్పింది తీసిపారేసే వాదన కాదు. "నా తూము మూసేస్తానండి. నా కింద సిద్దప్ప మూయడు. సిద్దప్ప మూస్తే వాడి కిందోడు మూయడు. నా మడి ఎండబెట్టుకుంటాను, ఆ నీళ్ళు నాగలక్ష్మి దాకా పోవు, మధ్యలోనోళ్ళ మళ్ళలో ఈత కొడతాయి. అప్పుడు నష్టపోయేది ఇద్దరం. ఇదేం న్యాయం?"

నా పక్కన కుర్చీ చప్పుడైంది. నాగలక్ష్మి లేచింది. చెయ్యి ఎత్తాలని ఎవరో గుర్తుచేస్తే ఎత్తింది.

"ఎప్పుడన్నా మూసి చూసినావా, రత్నప్పా?"

రత్నప్ప కుర్చీలో కూర్చున్నాడు. ఆమె ఆగలేదు.

"నువ్వు సిద్దప్ప మూయడంటావు. సిద్దప్పనడిగితే నువ్వు మూయవంటాడు. ఒగరి మీద ఒగరు చెప్పుకుంటానే మా మడి నెర్రెలిచ్చిండాది. ఒక్కసారన్నా మూసి, అప్పుడు చెప్పు, నీళ్ళు రాలేదని."

సిద్దప్ప వెనక వరసలోనే ఉన్నాడు. అందరూ తిరిగి చూసేసరికి టోపీ సర్దుకున్నాడు. దీపిక సుత్తి తీసుకుని, కొట్టడం మరిచిపోయి, "తీర్పు భోజనం తర్వాత" అని ప్రకటించింది.

భోజనం ఆరుబయట షామియానా కింద. జొన్నరొట్టె, ఎణ్ణెగాయి అనే గుత్తివంకాయ కూర, చిత్రాన్నం, పెరుగన్నం. ఎవరినీ ఎక్కడి నుంచి వచ్చావని అడగలేదు, కూపను కూడా లేదు. నాగలక్ష్మి మూడు ముద్దలకంటే ఎక్కువ తినలేదు. ఎదుటి బల్ల దగ్గర రత్నప్ప మాత్రం తన తరపున వాదించిన బెంగళూరు అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని రొట్టె మీద రొట్టె వేయిస్తున్నాడు. "తిను బాబూ. ఓడిపోయేముందు కడుపు నిండుగా ఉండాలి." అబ్బాయికి తెలుగు రాదు. తల ఊపుతూ తింటున్నాడు.

తీర్పు దీపికే చదివింది, ముందు కన్నడంలో, తర్వాత తెలుగులో. తెలుగు భాగం ఎవరో రాసి ఇచ్చినట్టుంది, ఒత్తులు చూసుకుంటూ చదివింది. కాలువకు కొత్తగా నీళ్ళు వచ్చినప్పుడల్లా వంతు కింది నుంచి పైకి నడవాలి. చివరి మడి తడిసేదాకా పైతూములన్నీ మూసి ఉంచాలి. మొదటి మడి వంతు చివర వస్తుంది, కానీ దాన్ని ఎవరూ తగ్గించకూడదు. చప్పట్లు కొట్టారు. న్యాయ విభాగం అధిపతి మైకు తీసుకుని, ఇది విద్యార్థుల సాధన కోసం జరిగిన కోర్టు అని, ఈ తీర్పు ఎవరికీ వర్తించదని, నిజమైన ఫిర్యాదులు ఉంటే శనివారాలు ఇక్కడే ఉచిత సలహా ఇస్తామని స్పష్టంగా చెప్పారు. నేను ఆ మాటలు రాసుకుని పెన్ను మూశాను. నా లెక్కలో వార్త అయిపోయింది.

కొత్త సంగతి అప్పుడే మొదలైంది. వందన సమర్పణ జరుగుతుండగా విద్యార్థులు పెద్ద పళ్ళేలతో వరసల మధ్యకు వచ్చారు. తమలపాకులు, వక్కలు, ఒక్కొక్క అరటిపండు. ఆ ప్రాంతంలో సభ ముగిస్తే అతిథులకు ఇలా ఇవ్వడం మామూలే. నా ముందుకు వస్తే తీసుకున్నాను. నాగలక్ష్మి తీసుకోలేదు. ఆమె కళ్ళు నాలుగో వరస మీదే ఉన్నాయి. బెంగళూరు అబ్బాయి రత్నప్ప ముందు పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. రత్నప్ప చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన చుట్టూ ఉన్న రైతుల మాటలు ఆగిపోయాయి.

"ఏమైంది?" అన్నాను.

"మా ఊర్లలో పంచాయితీ అయినాక ఆకువక్క తిప్పుతారక్కా," అంది నాగలక్ష్మి, కళ్ళు తిప్పకుండానే. "తీసుకుంటే ఒప్పుకున్నట్టు. ఇంగ మాట మార్చేకి లేదు. ఒప్పుకోనోడు తీసుకోకుండా లేచి పోతాడు. ఈ పిల్లోళ్ళకు ఆ సంగతి తెలిసినట్టు లేదు."

తెలియదు. ఆ అబ్బాయి పాపం వంగి, "షుగర్ ఇదెయా సార్? బాళెహణ్ణు బేడ, ఎలె అడికె తగొళ్ళి" అన్నాడు. అరటిపండు వద్దులే, ఆకువక్క మాత్రం తీసుకోండి అని. అతని దయ అది.

"షుగర్ లేదు బాబూ," అన్నాడు రత్నప్ప. "దాంట్లో మాట ఉండాది."

దీపిక వేదిక దిగి వచ్చింది. ప్రొఫెసర్ వచ్చారు. విషయం ఒకరి నుంచి ఒకరికి కన్నడంలో చేరింది. ప్రొఫెసర్ కంగారుపడి, ఇది మర్యాద కోసమే, తీసుకుంటే తీర్పు ఒప్పుకున్నట్టు కానే కాదు, మొహమాటం లేకుండా తీసుకోండి అని చెప్పించారు.

"మీకు కాదండి మేడం గారూ. వీళ్ళకు అవునో కాదో అడగండి," అని వెనక్కి చెయ్యి చూపించాడు. వెనక ఎవరూ నోరు తెరవలేదు. "చూశారా? తీసుకుంటే తూము మూసినట్టు. తీసుకోకపోతే అన్నం పెట్టిన ఇంట్లో ఆకు వద్దన్నట్టు. మా నాన్న ఉంటే నన్ను గుమ్మం తొక్కనివ్వడు. భలే ఇరికించారండీ! ఏ సుప్రీంకోర్టు వకీలూ ఇట్టా ఇరికించలేడు." ఆఖరి మాటకు తనే నవ్వాడు. నాగలక్ష్మి నవ్వలేదు. కుర్చీ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

రత్నప్ప లేచాడు. ఆ అబ్బాయి చేతిలోంచి పళ్ళెం తీసుకున్నాడు. పళ్ళేన్ని ఛాతీ దగ్గర పట్టుకుని బస్సులో వచ్చినవాళ్ళ వైపు తిరిగాడు.

"నేను తీసుకుంటాను. ఐతే నేనొక్కణ్ణే కాదు. ఆ బస్సులో వచ్చిన ప్రతి తూమువాడూ నా కళ్ళముందు తీసుకోవాలి. రండి. సినిమా చూసినట్టు చూశారుగా పొద్దున్నుంచీ, ఇప్పుడు టికెట్టు తీసుకోండి."

ఇద్దరు ముగ్గురు అప్పటికే తలుపు వైపు జరుగుతున్నారు. "ఏం సిద్దప్పా, యాడికి? బస్సు ఇంకా స్టార్ట్ కాలేదు."

సిద్దప్ప దవడ కదులుతోంది. "నాకు మొదట్లోనే ఇచ్చినారప్పా. నమిలేస్తి."

"మింగేశావా?"

"మింగేస్తి."

"ఐతే అందరికంటే ముందు నీ తూమే ఖాయంగా మూసినట్టు!"

ఆ నవ్వులో బిగువంతా పోయింది. రత్నప్ప వరస వరసా తిరిగాడు. ఒకాయన, తన కింది పొలం బావమరిదిదే కాబట్టి ఆ సంగతి తాము వేరే మాట్లాడుకుంటామని ఏదో చెప్పబోతే, "నువ్వు ఆకు వద్దన్నావని నీ బావమరిదికి చెప్పనా మరి?" అన్నాడు. ఆయన తీసుకున్నాడు. ఇంకొకాయన రెండు ఆకులు తీసుకున్నాడు, రెండు తూములున్నాయని. అందరిదీ అయ్యాక రత్నప్ప తన ఆకు తీసుకుని, మడవకుండా జేబులో పెట్టుకుని, పళ్ళెం నాగలక్ష్మి ముందు పట్టాడు.

"నువ్వూ తీసుకో. నీ మడి నిండగానే పైకి కబురు చెప్పాలి. దాచుకోకూడదు."

"నిండినాక నాకెందుకప్పా నీళ్ళు, నావ తోలేకా?" అని ఆమె ఆకు తీసుకుంది. ఆ పొద్దుటి నుంచి ఆమె నవ్వడం అదే మొదలు.

వెనక దీపిక ప్రొఫెసర్‌ను కన్నడంలో ఏదో అడిగింది, ఆవిడ తల అడ్డంగా ఊపి నవ్వారు. ఏమడిగావని తర్వాత కనుక్కుంటే, "ఈ ఒప్పందం చెల్లుతుందా అని అడిగాను మేడం. పరీక్షలో అయితే చెల్లదని రాయమన్నారు" అంది.

నేను సాయంత్రం బస్సుకు అనంతపురం తిరిగి వెళ్ళాలి. నాగలక్ష్మి ఒప్పుకోలేదు. "నువ్వు గూడ ఆకు తీసుకుంటివి కదక్కా? సాక్షివి. నీళ్ళు వచ్చేది చూడకుండా పోతావా?" వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు, చేతిలో ఆకు తప్ప. కాలేజీ బస్సులోనే ఎక్కాను. దీపికా, మరో నలుగురు విద్యార్థులూ ఎక్కారు. సిరుగుప్ప దాకా రోడ్డు బాగుంది, గంటన్నర పట్టింది. ఆ తర్వాత హచ్చొళ్ళి వైపు గతుకులు. రెండు పక్కలా వరి. దారంతా బస్సులో సిద్దప్ప మీదే జోకులు.

మేము చేరేసరికి ఎండ వాలుతోంది. ఉపకాలువ మొదట్లో నీళ్ళు అప్పటికే పారుతున్నాయి. రత్నప్ప చెప్పులు గట్టు మీద వదిలి, పంచె ఎగ్గట్టి, తన తూము నోటికి పలక అడ్డం పెట్టి, రెండు మట్టి బస్తాలు దొర్లించాడు. ఎవరి సాయమూ తీసుకోలేదు. ఆయన భార్య ఇంటి వాకిట్లోంచి చూసి, "అదేంటి, మనమే మూసేది?" అని అరిచింది. "ఆకు తీసుకున్నానే!" అని ఈయన అరిచాడు. ఆవిడ ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్ళింది.

అందరం గట్టు మీద కిందికి నడిచాం. ఒక్కొక్కరూ తమ తూము దగ్గర ఆగి మూస్తున్నారు. సిద్దప్ప తూము దగ్గరికి వస్తే పలక వేసే ఉంది కానీ, పక్కనున్న బొరియలోంచి నీళ్ళు చల్లగా ఆయన మడిలోకి జారుతున్నాయి.

"అది ఎలక తవ్విందప్పా," అన్నాడు సిద్దప్ప.

"ఎలక ఆకువక్క తీసుకోలేదు కదా, దాని తప్పేముంది!" అన్నారు ఎవరో. గట్టంతా నవ్వు. సిద్దప్ప నవ్వుతూనే దిగి, భుజం మీది టవలు ఉండచుట్టి బొరియలో కుక్కి, మడమతో తొక్కాడు. దీపిక ఫోటో తీస్తుంటే, "కోర్టులో చూపించొద్దమ్మా" అన్నాడు.

చివరి మడి దగ్గర నాగలక్ష్మి పార పట్టుకుని ముందే నిలబడి ఉంది. కాలువ అడుగున మట్టి బీటలు. కాసేపు ఏమీ రాలేదు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. తర్వాత గడ్డిపరకలు, నురగ, ఎవరిదో పాత చెప్పు ముందు తోసుకుంటూ నీళ్ళు వచ్చాయి. బీటల్లోకి దిగి, బుడబుడమని, మళ్ళీ పైకి లేచి ముందుకు జరిగాయి. నాగలక్ష్మి చీర ఎగదోపుకుని కాలువలోకి దిగి, మడి గట్టుకు పారతో గండి కొట్టింది. నీళ్ళు లోపలికి తిరిగాయి. "వచ్చె కదా," అన్నాడు రత్నప్ప, తనే కనిపెట్టినట్టు. "వచ్చె," అంది ఆమె.

ఆ సాయంత్రం కాలేజీ బస్సు నన్ను సిరుగుప్పలో దింపింది. బస్టాండు దగ్గర లాడ్జిలో గది ఎనిమిది వందల లోపు. పొద్దున ఆదోని బస్సెక్కి, ఆదోనిలో రైలు పట్టుకుంటే గుంతకల్లు, అక్కణ్ణుంచి ఇల్లు. వచ్చిన దారినే వెనక్కి పోవడం కంటే ఇది దగ్గర.

కోర్టుల్లో మంచి తీర్పులు విన్నాను. వాటి అమలు మాత్రం ఎక్కువసార్లు చూడలేదు. అది జరగాల్సింది ఎక్కడో, జరపాల్సింది ఎవరో. ఇక్కడ అమలు చేయాల్సినవాళ్ళందరూ ఒకే బస్సులో వచ్చారు, ఒకే పందిరి కింద తిన్నారు, ఒకరి ముందు ఒకరు ఆకు తీసుకున్నారు. చట్టం విషయంలో న్యాయ విభాగం అధిపతి చెప్పిందే సరి, ఆ తీర్పు ఎవరికీ వర్తించదు. ఒక్క సాయంత్రం చూసి ఆ ఊరు మారిపోయిందని నేను రాయను. ఇది రాసేముందు నాగలక్ష్మికి ఫోన్ చేశాను. వరి కంకి వేసి తలవంచుతోందట. ఆ తర్వాతి తడికి మాత్రం సిద్దప్ప అడ్డం తిరిగాడట. తాను మింగిన ఆకు ఆ ఒక్క తడికేనని వాదన. రత్నప్ప ఊరుకోలేదు, దీపికకు ఫోన్ చేసి, పళ్ళెం తీసుకుని రమ్మన్నాడు. ఆమె వచ్చింది. ఈసారి ఆకు మింగకముందే సిద్దప్పతో ఈ పంట అయ్యేదాకా అని అందరి ముందూ చెప్పించారు. "ఇంగ ఆ పాపే మా జడ్జి" అంది నాగలక్ష్మి. దీపికకు ఇంకా పరీక్షలున్నాయి.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సూచన. ఉపన్యాసం అయిపోయే సమయం చూసుకుని తిరుగు టికెట్టు కొనుక్కోకండి, ఆ సాయంత్రం ఖాళీగా ఉంచుకోండి, కాళ్ళకు పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. నా జతలో ఒకటి ఇప్పటికీ నాగలక్ష్మి మడి గట్టు బురదలోనే ఉంది.